సేటు జేబులో ఫ్యూజు

"పెట్టె నీ చేతికొచ్చినప్పుడు సల్లగుండెనా, ఎచ్చగుండెనా?"

లాకప్ ఊచల అవతల మోకాళ్లు ముడుచుకొని కూర్చున్న రాజన్న తల ఎత్తలేదు.

"సల్లగుండె అమ్మా. మంచు లెక్క."

"ఎవరిచ్చిండ్రు?"

"చిన్నసేటు. చింటుగాని పుట్టినరోజని లడ్డూలు తీస్కపోయిన దుకాణానికి. ఫ్రిజ్‌ల నుంచి తీసి చేతుల పెట్టిండు. పది సీసాల పెట్టె, ఉత్తగనే. పిల్లగానికి నా తరఫు అన్నడు."

"మరి గోడౌన్‌ల రేకుల కింద నాలుగు రోజులు మర్చిపోయిన అని కాయిదంల రాసిచ్చినవ్. ఆ నాలుగు రోజులు ఎప్పుడు?"

రాజన్న మోకాళ్లను ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

"తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం ఒంటిగంటకు నీ చేతికొచ్చింది. సాయంత్రానికి మీ ఇంట్ల తడిబట్ట చుట్టి కుండల పెట్టిండ్రు. నడిమిట్ల నాలుగు రోజులు ఎక్కడియి?"

"సారు రాయమన్నడు. రాసిన."

"ఎందుకు రాసినవ్?"

అప్పుడు రాజన్న తల ఎత్తాడు. కళ్లలో నీళ్లు లేవు. ఆరు రోజుల్లో అవి అయిపోయినట్టున్నాయి.

"నేను జేసిన్నో లేదో నాకెందుకమ్మా. సూది ఏసింది నేనే. రోజుకు మూడుసార్లు ఏసిన. వాడు తాతా నొస్తుంది అంటే గట్టిగ పట్టుకొని ఏసిన. మందు పనిచేస్తలేదని ఇంకింత ఎక్కువ ఏసిన."

"నీ బిడ్డ వీణ, చింటు తల్లి, ఏమంటది?"

"నా మొకం జూడనన్నది."

ఇంద్రజ జాలి చూపలేదు. ఆమెకిచ్చిన ఐదు నిమిషాల్లో మూడు అయిపోయాయి. సమయం మూడు గంటల ఐదు నిమిషాలు. ఐదింటికి రాజన్నను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడ కూడా ఇదే మాట చెబితే ఇక ఎవరూ దాన్ని తుడవలేరు. అతను చెబుతాడు. చెప్పాలనే ఎదురుచూస్తున్నాడు.

చాంద్రాయణగుట్టలో వెంకటనారాయణ హోల్‌సేల్ మందుల దుకాణం. అందులో రాజన్న ఇరవై రెండేళ్లుగా స్టోర్ కీపర్. అతని మనవడు చింటుకు తొమ్మిదేళ్లు. చిన్నప్పుడే షుగర్ జబ్బు పట్టుకుంది. ఇన్సులిన్ సూది లేకపోతే బతకని రకం. మే ఇరవై నాలుగున పిల్లవాడు చనిపోయాడు. ఇంట్లో దొరికిన సీసాలను పరీక్షకు పంపితే, అందులోని మందు వేడికి చచ్చిపోయి నీళ్లతో సమానమయిందని తేలింది.

"చిన్నసేటు, అంటే అక్షయ్, నీతోని మంచిగుంటడా?"

"మస్తు మంచోడమ్మా. సేటు మనవడు అయినా గర్వం లేదు. పెట్టె ఇచ్చినకాన్నుంచి రోజు అడుగుతుండె, చింటు ఎట్లున్నడు రాజన్నా, షుగర్ ఎంతున్నది అని. పిల్లగాడు మంచం పట్టినంక గూడ అడుగుతుండె. నంబరు రాసుకుంటుండె ఫోన్‌ల."

"నంబరు రాసుకుంటుండెనా?"

"ఔ. డాక్టరుకు చూపిస్త అన్నడు."

ఇంద్రజ లేచింది.

బయట ఇన్‌స్పెక్టర్ కృపాకర్ బల్ల మీద కాళ్లు చాపుకొని ఉన్నాడు. ఆరేళ్ల కింద ఇదే గదిలో ఇంద్రజ ఇన్‌స్పెక్టర్. కృపాకర్ ఆమె కింద సబ్ ఇన్‌స్పెక్టర్. పై అధికారి బావమరిదిని అరెస్టు చేసినందుకు ఆమెను ఊరవతలికి బదిలీ చేస్తే, ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్ అయింది. కుర్చీ కృపాకర్‌కు వచ్చింది.

"ఏమన్నడు అక్కా మీ క్లయింటు? నేను దేవుణ్ణి, నన్ను విడిపించు అన్నడా?"

"నువ్వు రాయించిన నాలుగు రోజులు దొరకలేదన్నడు."

కృపాకర్ నవ్వు సగంలో ఆగింది. "చూడు అక్కా. మందు చెడింది. అది ఎక్కడ చెడింది? దుకాణంల ఫ్రిజ్ మంచిగున్నది. దానికి ఒక చిన్న మిషన్ ఉంటది, అరగంటకోసారి లోపల వేడి ఎంతున్నదో రాసుకుంటది. ఆ లెక్కంత సర్వర్‌ల ఉంటది. నెలంత చూసిన. రాత్రి పగలు ఐదు డిగ్రీలు దాటలేదు. అంటే తప్పు దుకాణంది కాదు. మిగిలింది ఎవరు?"

"లెక్క ఎవరు తీసిచ్చిండ్రు?"

"అక్షయ్. పోరడు మంచోడు. అడగకముందే ఇచ్చిండు."

"అడగకముందే ఇచ్చిండా? మనం పనిచేసినప్పుడు అట్లాంటోళ్లను ముందు అనుమానించేటోళ్లం."

"అందుకే నీ ఉద్యోగం పోయింది." కృపాకర్ టోపీ అందుకున్నాడు. "ఇంకేం ఫికర్ చెయ్యకు. ఎవ్వరు ముట్టకుండ ఇయాల పన్నెండున్నరకు సర్వర్ గదికి సీలేసిన. నా సంతకం ఉన్నది."

"సీలేసేటప్పుడు సర్వర్ బంద్ చేసినవా?"

"ఎందుకు బంద్ చేస్త? ఎట్లున్నది అట్లనే ఉంచాలె. రూల్."

"సీసాలు ఎన్ని పట్టుకున్నవ్?"

"పదిల తొమ్మిది. ఒకటి పగిలిందన్నది రాజన్న భార్య. దాంతోని నీకేం పని?"

ఏమీ లేదన్నట్టు ఇంద్రజ బయటికి నడిచింది. ఆ ఒక్క సీసా మాట అక్కడే వదిలేసింది. తర్వాత ఆమె తనను తాను క్షమించుకోలేనిది ఆ ఒక్క పొరపాటునే.

*

దుకాణం మెట్ల మీద సక్కుబాయి కూర్చొని ఉంది. రాజన్న భార్య. మూడు రోజులుగా పొద్దున షట్టర్ ఎత్తినప్పటినుంచి దించేదాకా అక్కడే ఉంటోంది. చేతిలో నీళ్ల సీసా. పక్కన రెండు ఖాళీ సీసాలు పడి ఉన్నాయి. పెదవులు పగిలి రక్తం చెమ్మ కనిపిస్తోంది.

"లోపలికి పోయి ఫ్యాన్ కింద కూసో" అంది ఇంద్రజ.

"ఒద్దమ్మా. చిన్నసేటు కిటికీల కెళ్లి సూస్తడు. నేనున్నట్టు ఆయనకు కనపడాలె, మా ఆయన కోసం పోలీసోళ్లకు ఒక మాట చెప్తడని." సక్కుబాయి మాట ముద్దగా వచ్చింది. సీసా ఎత్తి గటగటా తాగింది. "ఎంత తాగినా దూప తీరుత లేదు. పాడు ఎండలు."

"అన్నం తిన్నవా?"

"కడుపుల నిలుస్త లేదు."

ఇంద్రజ గడియారం చూసుకుంది. మూడు యాభై రెండు. ఇక ఆగలేదు. కృపాకర్ జీపు అప్పటికే వెనక వచ్చి ఆగింది.

గల్లా దగ్గర వెంకటనారాయణ కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. తెల్ల పంచె, జేబున్న బనీను, పైన చొక్కా. చొక్కా కింద బనీను జేబు ఖాళీగానే సాగి వేలాడుతోంది. అతని పక్కన నిలబడి అక్షయ్ ఫోన్ చూసుకుంటున్నాడు. పాతికేళ్లు. నున్నగా గీసిన గడ్డం. ఇంద్రజను చూసి ఫోన్ బోర్లా పెట్టాడు.

"రాండి మేడమ్. చాయ్ తెప్పిస్త."

"ఫ్రిజ్ చూపియ్యి."

గల్లా వెనక గోడకు రెండు తలుపుల అద్దాల ఫ్రిజ్. నిండుగా మందులు. తలుపు తెరిస్తే చల్లటి గాలి మొహానికి కొట్టింది. లోపల ముళ్ల గడియారం లాంటిది నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఫ్రిజ్ వెనక నుంచి వచ్చిన వైరుకు ప్లగ్గు లేదు, స్విచ్చు లేదు. గోడ మీద ప్లాస్టిక్ పైపులో దూరి పైకి పోయింది. పక్కన ఉన్న పైపులన్నీ దుమ్ము పట్టి నల్లబడ్డాయి. ఆ ఒక్కటే తెల్లగా ఉంది.

"ఈ పైపు ఎప్పుడు ఏసిండ్రు?"

"గుర్తులేదు మేడమ్" అన్నాడు అక్షయ్.

"ఏప్రిల్‌ల" అన్నాడు వెంకటనారాయణ. "సర్వర్ గదికి ఏసీ పెట్టిచ్చిండు మావోడు. అప్పుడు కరెంటోళ్లు వచ్చి లైన్లన్ని ఇప్పిండ్రు, మళ్ల కట్టిండ్రు."

"తాతా, నువ్వు ఊకో."

ఇంద్రజ అక్షయ్ వైపు ఒక్క చూపు చూసి సర్వర్ గది దగ్గరికి నడిచింది. చిన్న గది. తలుపుకు అడ్డంగా కృపాకర్ సంతకం ఉన్న కాగితం, లక్క ముద్ర. తలుపు పై సగం అద్దం. లోపల బల్ల మీద సర్వర్, కింద బ్యాటరీ పెట్టె, గోడకు ఇంటర్నెట్ డబ్బా. ఆ డబ్బా మీద పచ్చ దీపాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. ఎవరూ లేని గదిలో, ఎవరూ ముట్టని యంత్రం ఊపిరి సలపని పనిలో ఉంది.

అద్దం మూలన ఒక స్టిక్కర్. కీర్తిప్రియ, బ్యాకప్ సర్వీస్. కింద నంబరు. ఇంద్రజ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"కీర్తిప్రియనా? వెంకటనారాయణ గారి దుకాణం నుంచి. ఇక్కడి సర్వర్‌ది బ్యాకప్ నువ్వు చూస్తవా?"

"అవును మేడమ్. ఏడాది కింద పెట్టిన. సర్వర్‌ల ఉన్న ఫైల్సన్నీ రోజుకోసారి క్లౌడ్‌కు పోతయి. ఇక్కడ సర్వర్ కాలిపోయినా అక్కడ కాపీ ఉంటది."

"ఏ టైంకు పోతయి?"

అవతల అమ్మాయి చిన్నగా నవ్వింది. "అదొక కథ మేడమ్. అందరికీ పెట్టినట్టే రాత్రి పదకొండుకు పెట్టిన. నలభై రాత్రులు ఫెయిలయింది. ఏందా అని వచ్చి చూస్తే, పెద్దసేటు రోజు షట్టర్ దించేటప్పుడు మెయిన్ ఫ్యూజు పీకి జేబుల ఏసుకొని ఇంటికి పోతడట. రాత్రంతా దుకాణంల కరెంటే ఉండదు. ఇగ చేసేదేముంది, పొద్దుగాల ఆయన ఫ్యూజు పెట్టంగనే, సర్వర్ లేవంగనే కాపీ పోయేటట్టు మార్చిన."

ఇంద్రజ తిరిగి వెంకటనారాయణను చూసింది. ముసలాయన చేయి తెలియకుండానే బనీను జేబు మీదికి పోయింది.

"ముప్పై ఏండ్లాయె" అన్నాడు. "మా తమ్ముని దుకాణం రాత్రి పూట కరెంటు మంటకు బూడిదైంది. లోపల వాడు పండుకున్నడు. అప్పటికెళ్లి ఏ రాత్రి గూడ నా దుకాణంల కరెంటు ఉంచలే. ఎనిమిదిన్నరకు పీకుత. పొద్దుగాల పదికి పెడుత. నా చేత్తోనే."

"మరి ఫ్రిజ్?"

"దానికి లైను వేరే. నేను పిచ్చోన్నా? మందులున్నయని నాకు ఎరుక లేదా?"

ఇంద్రజ తెల్ల పైపును మరొకసారి చూసింది. ఏమీ అనలేదు.

"కీర్తిప్రియా, పాత కాపీలు ఎన్ని రోజులు ఉంటయి?"

"ముప్పై కాపీలు ఉంటయి మేడమ్. ముప్పై అరలున్న బీరువా అనుకోండి. కొత్తది వచ్చిందంటే అన్నిటికన్న పాతది బయటపడిపోతది. మామూలుగ రోజుకొకటి కాబట్టి నెల రోజులవి దొరుకుతయి."

"ఇప్పుడు చూసి చెప్పు. పాతది ఏ తారీఖుది?"

కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత అమ్మాయి గొంతు మారింది.

"మేడమ్, ఇదేంది గిట్లున్నది. ఇవాళ ముప్పయ్యో తారీఖు కదా, పాతది ఒకటో తారీఖుది ఉండాలె. తొమ్మిదో తారీఖుది ఉన్నది. ఒకటి నుంచి ఎనిమిది దాక పోయినయి. ఇవాళ పొద్దుగాల పదింటికి ఒక కాపీ వచ్చింది, అది మామూలే. మళ్ల రెండు గంటల ఐదుకు ఒకటి. రెండు ఇరవైకి, రెండు ముప్పై ఐదుకు. పావుగంటకొకటి. మూడు యాభై దాక ఎనిమిది. ఎవరో బయట ఉండి ఫోన్‌ల కెళ్లి మొదలుపెడుతున్నరు."

"ఇప్పుడు?"

"నాలుగు ఐదుకు తొమ్మిదోది మొదలైంది. నడుస్తున్నది. నాలుగు ఇరవైకి అయిపోతది. అయిందంటే తొమ్మిదో తారీఖుది పోతది."

"నువ్వు ఆపలేవా?"

"నాకు చూసేటందుకే ఉన్నది మేడమ్. ఆపాలంటే దుకాణంవాళ్ల పాస్‌వర్డ్ కావాలె. నెల కింద అక్షయ్ గారు మార్చుకున్నరు."

గడియారంలో నాలుగు తొమ్మిది.

ఇంద్రజ ఫోన్ పట్టుకొనే కృపాకర్ వైపు తిరిగింది. "విన్నవా? పన్నెండున్నరకు సీలేసినవ్. నీ సంతకం కింద, నీ లక్క ముద్ర వెనకాల, ఎనిమిదిసార్లు సాక్ష్యం చెరిగింది. కాపలా మంచిగ కాసినవ్ కృపాకర్."

కృపాకర్ మొహం నల్లబడింది. "అక్షయ్, ఏంది ఇది?"

"బ్యాకప్ తీస్తున్న సార్. కేసు కదా, డేటా సేఫ్‌గ ఉండాలని." అక్షయ్ గొంతు నున్నగానే ఉంది. "ఒకటికి పదిసార్లు తీస్తే తప్పా?"

"ఫోన్ ఇటియ్యి" అంది ఇంద్రజ.

"మీకెందుకియ్యాలె? మీరేమన్న పోలీసా? సార్ అడిగితే ఇస్త, కాయిదం చూపిస్తే."

"సీల్ తీయి కృపాకర్. తలుపు తెరువు."

"ఆరేండ్ల కింద అది రూల్ అని నువ్వే నేర్పినవ్ అక్కా. ఆర్డర్ లేకుండ సీల్ పగలగొడితే రేపు వీని వకీలు నన్ను కోర్టుల ఉరికిస్తడు. సాక్ష్యం నేనే పెట్టిన అంటడు."

"ఇంక పది నిమిషాలుంటే సాక్ష్యమే ఉండదు."

"అది నా తలనొప్పి."

నాలుగు పదకొండు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. అక్షయ్ పెదవి చివర ఏదో కదిలింది. అది నవ్వు. అతను దాన్ని దాచుకోవడానికి కూడా కష్టపడలేదు.

ఇంద్రజ గల్లా దగ్గరికి నడిచింది.

"సేటూ, ఫ్యూజు ఎక్కడుంటది?"

"షట్టర్ పక్కన పెట్టెల."

"పీకు."

"ఇప్పుడా? ఎనిమిదిన్నర కాలే."

"సీల్ వేసింది తలుపుకు. నీ ఫ్యూజుకు కాదు. నీ దుకాణం, నీ ఫ్యూజు, నీ చెయ్యి. ముప్పై ఏండ్ల నుంచి పీకుతున్నవ్. ఇవాళ నాలుగు గంటలు ముందుగాల పీకితే ఏ రూల్ తప్పుతది?"

"తాతా, ఒద్దు." అక్షయ్ మొదటిసారి గొంతు పెంచాడు. "మందులు ఖరాబైతయి."

ఆ మాట అన్నాక అతనే ఆగిపోయాడు. ఇంద్రజ మెల్లగా అతని వైపు తిరిగింది.

"ఎట్ల ఖరాబైతయి అక్షయ్? ఫ్రిజ్‌కు లైను వేరే కదా."

 వెంకటనారాయణ మనవణ్ణి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గల్లా మీద చేయి ఆనించి లేచి, చెప్పులు వేసుకోకుండానే షట్టర్ దాకా నడిచాడు. ఇనుప పెట్టె తలుపు తీసి, తెల్ల పింగాణీ ఫ్యూజును రెండు వేళ్లతో పట్టుకొని గుంజాడు.

ఫ్యాన్లు ఆగాయి. దీపాలు ఆరాయి.

గోడకు ఉన్న ఫ్రిజ్ ఒకసారి వణికి, గర్రుమని, ఆగిపోయింది. అద్దాల వెనక వెలుగు పోయింది.

దుకాణంలో అంత నిశ్శబ్దం పగటిపూట ఎన్నడూ లేదు. ముప్పై ఏళ్లుగా ఆ ముసలాయన పొద్దు గూకాక, వీధి చప్పుడులో, షట్టర్ గోలలో ఫ్యూజు పీకాడు. ఏప్రిల్ నుంచి ఫ్రిజ్ కూడా ఆగుతున్న చప్పుడు వినలేదు. ఇప్పుడు విన్నాడు.

"ఫ్రిజ్ గూడ ఆగిందేంది?" అన్నాడు.

 అతను ఫ్యూజును చూశాడు. తెల్ల పైపును చూశాడు. మళ్లీ ఫ్రిజ్‌ను చూశాడు.

"ఏప్రిల్ నుంచి ప్రతి రాత్రి నువ్వే ఆపినవ్ సేటూ" అంది ఇంద్రజ. ఆమె గొంతులో మెత్తదనం లేదు. "కరెంటోళ్లు ఫ్రిజ్ లైను గూడ నీ ఫ్యూజుకే కలిపిండ్రు. ఎనిమిదిన్నర నుంచి పొద్దుగాల పది దాక. రేకుల కప్పు, మూసిన షట్టర్, మే నెల. పొద్దుగాల నువ్వొచ్చి ఫ్యూజు పెట్టేటాలకు మందు చచ్చిపోతది. మధ్యాహ్నం వరకు శవం సల్లబడుతది. ముట్టి చూసినోళ్లు మంచిగున్నది అనుకుంటరు."

వెంకటనారాయణ ఫ్యూజును రుమాలులో చుట్టబోయి ఆగాడు. చేతులు ఏం చేయాలో తెలియక అలాగే నిలిచాయి.

"సర్వర్‌కు బ్యాటరీ ఉన్నది మేడమ్" అన్నాడు అక్షయ్. "ఇరవై నిమిషాలు నడుస్తది. మీ డ్రామా దండగ."

"సర్వర్‌కు ఉన్నది." ఇంద్రజ అద్దంలోంచి వేలు చూపింది. గోడకున్న ఇంటర్నెట్ డబ్బా మీద ఒక్క దీపం కూడా లేదు. "దానికి లేదు."

ఫోన్‌లో కీర్తిప్రియ గొంతు వచ్చింది. "మేడమ్, లైన్ తెగింది. కాపీ సగంల ఆగింది. సగం కాపీ లెక్కకు రాదు. తొమ్మిదో తారీఖుది ఉన్నది."

"తెరువు. ఫ్రిజ్ లెక్క చదువు. ఎనిమిదో తారీఖు రాత్రి."

"రాత్రి ఎనిమిదిన్నరకు ఐదు డిగ్రీలు. పదకొండుకు పందొమ్మిది. రెండింటికి ఇరవై ఎనిమిది. పొద్దుగాల ఆరుకు ముప్పై రెండు. తొమ్మిదిన్నరకు ముప్పై ఐదు. మిషన్‌కు సొంత బ్యాటరీ ఉంటది మేడమ్, కరెంటు లేకున్నా రాసుకుంటది. ఒకటో తారీఖు నుంచి అన్ని రాత్రులు గిట్లనే ఉన్నయి."

"ఇప్పుడు పదో తారీఖు కాపీ తెరువు. అదే రాత్రి."

కొంచెం ఆలస్యం. "ఐదు. నాలుగు. ఐదు. ఐదు. మొత్తం మారింది. తొమ్మిదో తారీఖు పగలు పదకొండు ఇరవైకి మార్చిండ్రు. అక్షయ్ అని పేరు ఉన్నది."

కృపాకర్ అక్షయ్ చేతిలోని ఫోన్ లాక్కున్నాడు. ఈసారి కాగితం అడగలేదు అక్షయ్.

"సరే" అన్నాడు. "మార్చిన. తాత పేరు పోతదని మార్చిన. తప్పే. దానికి ఎంత శిక్ష? ఆర్నెల్లా? నిర్లక్ష్యం. అంతే కదా సార్."

"పదకొండు ఇరవైకి మార్చినవ్" అంది ఇంద్రజ. "అంటే మందు చెడిందని పదకొండు ఇరవైకి నీకు ఎరుక. ఒంటిగంటకు రాజన్న లడ్డూలు తెచ్చిండు. ఆ ఫ్రిజ్‌లకెళ్లి పెట్టె తీసి ఆయన చేతుల పెట్టినవ్."

అక్షయ్ చూపు కృపాకర్ చేతిలోని ఫోన్ మీదికి పోయింది.

"రోజు అడిగినవట. షుగర్ ఎంత, పిల్లగాడు ఎట్లున్నడు. నంబర్లు రాసుకున్నవట. కృపాకర్, ఆ ఫోన్‌ల చూడు. చింటు అని ఉంటది."

కృపాకర్ ఫోన్‌ను అక్షయ్ మొహం ముందు పెట్టి తెరిచాడు. వేలితో పైకి తోశాడు. ఒకచోట ఆగాడు. చదువుతున్న కొద్దీ అతని దవడ బిగుసుకుంది.

"పదో తారీఖు, రెండు వందల తొంభై" అని చదివాడు. "పదమూడు, మూడు వందల ఎనభై. పదిహేడు, నాలుగు వందల యాభై. ఇరవై ఒకటి, షుగర్ మిషన్‌కు అందనంత ఎక్కువ." అతను ఆగాడు. "కింద ఏదో రాసుకున్నడు. సగం పనిచేస్తున్నట్టున్నది, ఇంకో నాలుగు రోజులు చూడాలె."

"ఫ్రిజ్ నిండ మందు" అంది ఇంద్రజ. "పారెయ్యాల్నా అమ్మాల్నా తెలుస్త లేదు. పరీక్షకు పంపితే బయటపడతది. అందుకని పిల్లగానికి ఎక్కించి చూసినవ్. పుట్టినరోజు బహుమానం అన్నవ్."

"వాడు ఎట్లయినా ఎన్ని రోజులు బతుకుతుండె మేడమ్?" అన్నాడు అక్షయ్. కోపంగా కాదు, లెక్క చెబుతున్నట్టు. "మంచి మందు కొనే తాకత్ లేదు వాళ్లకు. ఉత్తగ ఇస్తే దండం పెట్టి తీసుకున్నరు."

వెంకటనారాయణ అడుగు ముందుకు వేశాడు. కొడతాడేమో అనుకున్నారు. కొట్టలేదు. మనవడి పక్కనుంచి నడిచిపోయి గల్లా దగ్గర గోడకు మొహం పెట్టి నిలబడ్డాడు.

కృపాకర్ స్టేషన్‌కు ఫోన్ చేశాడు. "రాజన్నను బండెక్కించిండ్రా? దించుండ్రి. ఔ, దించుండ్రి. కోర్టుకు వేరేటోడు వస్తున్నడు." ఫోన్ పెట్టి ఇంద్రజ వైపు చూడకుండా అన్నాడు: "నువ్వు గెలిచినవని అందరికి చెప్పుకుంటవా అక్కా?"

"నీ సంతకం ఉన్న సీలు అట్లనే ఉన్నది కదా. అదే చెప్పుకో."

అక్షయ్ చేతికి బేడీ పడిన చప్పుడు వినబడింది. నాలుగు ముప్పై ఒకటి.

ఇంద్రజ మెట్ల వైపు నడిచింది. సక్కుబాయికి చెప్పాలి. రాజన్న చంపలేదని చెప్పాలి. ఎవరు చంపారో, ఎందుకు చంపారో కూడా చెప్పాలి. రెండో మాట వింటే మొదటి మాట ఆమెకు పట్టదు.

సక్కుబాయి గోడకు ఒరిగి ఉంది. మూడో నీళ్ల సీసా కూడా ఖాళీ. మెట్టు మీద కక్కుకున్న తడి. గుండె ఎగిసిపడేలా పొడుగ్గా, లోతుగా ఊపిరి తీస్తోంది. ఇంద్రజ వంగింది. ఆ ఊపిరిలో మగ్గిన పండు వాసన వచ్చింది.

ఆరేళ్ల కింద ఒక లాకప్ చావు విచారణలో డాక్టరు ఈ వాసన గురించి ఆమెకు చెప్పాడు. షుగర్ తలకెక్కినవాళ్ల ఊపిరి ఇలా ఉంటుందని.

"సక్కుబాయీ. నీకు గూడ షుగరా?"

"ఔ... పదేండ్లాయె."

"సూది ఏసుకుంటవా?"

"ఏసుకుంట. పొద్దుగాల గూడ ఏసుకున్న." సక్కుబాయి కొంగు ముడి విప్పడానికి చేతులు రాలేదు. ఇంద్రజే విప్పింది. తడి గుడ్డలో చుట్టిన చిన్న గాజు సీసా. సగం ఖాళీ. "నా మందు అయిపోయింది. పిల్లగాడు పోయె. పది సీసాలు ఎందుకు దండగైతయని... ఒకటి దాసుకున్న. పోలీసోళ్లకు పగిలిందన్న. చిన్నసేటు ఇచ్చింది... మంచి మందు."

సీసాల పరీక్షలో తేలిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మందు రేకుల కింద చెడిందని పోలీసులు అంటే, నా మొగుడు అట్ల చెయ్యడు అని ఆమె నమ్మింది. నమ్మింది కాబట్టే ఆ సీసా వాడింది.

"కృపాకర్, బండి తీయి" అని ఇంద్రజ అరిచింది. "దావఖానకు. సేటూ, ఇన్సులిన్. తొందరగ."

వెంకటనారాయణ ఉలిక్కిపడి తిరిగాడు. యాభై ఏళ్ల అలవాటు. మందు అన్న మాట వినగానే కాళ్లు వాటంతట అవే ఫ్రిజ్ దగ్గరికి నడిచాయి. తలుపు తీశాడు. చీకటి అరలోకి చూడకుండానే చేయి పెట్టి సరైన పెట్టె తీశాడు. మెట్ల దాకా వచ్చాడు. పెట్టె ఇంకా చల్లగానే ఉంది.

అక్కడ ఆగాడు.

ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో ఫ్యూజు. వెనక దుకాణం నిండా అలాంటి పెట్టెలు, రాత్రుళ్లు ఉడికి పగలు చల్లబడినవే. ఇంద్రజ పెట్టెను చూసింది, అతని మొహాన్ని చూసింది. జీపు అప్పుడే వెనక్కి తిరుగుతోంది. రోడ్డు మీద బస్సులు కదలడం లేదు.

సక్కుబాయి కళ్లు సగం తెరుచుకున్నాయి. సేటు చేతిలో మందు కనబడింది. పదేళ్లుగా ఈ మెట్ల మీద నుంచే ఆమె మందు తీసుకుపోయింది.

"ఇయ్యి సేటూ" అని చేయి చాచింది.

ముసలాయన చేయి ముందుకూ రాలేదు, వెనక్కూ పోలేదు.